సమ్మతి పత్రం తెలుగులోనే ఉంది, తెలిసేలా లేదు

సంపాదకులకు నమస్కారం.

షుగరు, బీపీ, ఆస్తమా, కీళ్లవాతం లాంటి ఏళ్ల తరబడి వెంట ఉండే జబ్బులకు కొత్త మందులు పరీక్షించడం గురించి పత్రికల్లో రెండే రకాల వార్తలు కనిపిస్తాయి. ఒకటి 'షుగరుకు ఇక చెక్' రకం, రెండోది 'పేదలపై ప్రయోగాలు' రకం. ఈ రెంటికీ నడుమ ఒక కాగితాల కట్ట ఉంది. ట్రయల్‌లో చేరే రోగి సంతకం పెట్టే సమాచార పత్రం, సమ్మతి పత్రం అది. ఒక్కోసారి ఇరవై పేజీలు దాటుతుంది. చదివే ఓపిక ఉన్నవాళ్లకు కూడా అందులోని తెలుగు కొరుకుడు పడదు. ఈ ఉత్తరం దాని గురించే.

'డబుల్ బ్లైండ్' అన్న మాటను 'ద్వంద్వ అంధ అధ్యయనం' అని రాస్తారు. చదివిన రోగి కళ్లు పోతాయేమోనని భయపడితే తప్పు అతనిది కాదు. 'యాదృచ్ఛికీకరణ' అని ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి 'మీకు ఏ మందు రావాలో చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది. ఏది వచ్చిందో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు' అని రాస్తే పదో తరగతి చదవనివాళ్లకు కూడా తెలుస్తుంది. ప్లాసిబోను 'నిష్క్రియ ఔషధం' అంటే అదేదో కొత్త మందు అనుకుంటారు. 'చూడ్డానికి మాత్రలాగే ఉంటుంది, లోపల మందు ఉండదు' అని ఎందుకు రాయకూడదు?

రాయకపోవడానికి కారణం అనువాదకుల బద్ధకం ఒక్కటే కాదు, పద్ధతిలోనే మెలిక ఉంది. ఇంగ్లిషు పత్రాన్ని ఒకరు తెలుగు చేస్తారు. ఆ తెలుగును ఇంకొకరు, మూలం చూడకుండా, మళ్లీ ఇంగ్లిషులోకి తిప్పుతారు. రెండు ఇంగ్లిషులూ కలిస్తే సర్టిఫికెట్ వస్తుంది. దీన్ని బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు. మాటకు మాట అతికించిన తెలుగు వెనక్కి తిప్పితే అచ్చం మూలంలాగే వస్తుంది, పాసవుతుంది. 'చీటీ తీసినట్టు' అని రాస్తే వెనక్కి 'లాటరీ' అని వస్తుంది, తేడా ఉందంటూ తిరగ్గొడతారు. మంచి తెలుగు రాసినవాడికి రెండింతల పని, చెడ్డ తెలుగు రాసినవాడికి వెంటనే సర్టిఫికెట్. ఇక ఎవరైనా ఏం రాస్తారు?

దీన్ని పట్టుకోగల చోటు ఎథిక్స్ కమిటీ, అంటే రోగుల భద్రత, హక్కులు చూసి ట్రయల్‌కు అనుమతి ఇచ్చే సంఘం. 2019 మార్చిలో వచ్చిన 'న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్' ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, కనీసం సగం మంది ఆ ఆస్పత్రితో సంబంధం లేనివాళ్లు కావాలి, అధ్యక్షుడూ బయటివాడే కావాలి. ఒక మహిళ, ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య సభ్యుడు (వైద్యరంగం బయటి మామూలు మనిషి) తప్పనిసరి. సమావేశం చెల్లాలంటే కనీసం అయిదుగురు హాజరు కావాలి, వారిలో ఈ సామాన్య సభ్యుడు కూడా ఉండాలి. ఆ సభ్యుడికి ఇంగ్లిషు ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రం) కట్ట ఇచ్చి కూర్చోబెట్టడం దండగ. తెలుగు పత్రం ఇచ్చి పైకి చదవమనాలి. చదివేటప్పుడు నాలుక తడబడిన ప్రతి వాక్యాన్నీ తిరగరాయించాలి. తర్వాత ఆస్పత్రితో సంబంధం లేని ముగ్గురికి చదివి వినిపించి అయిదు ప్రశ్నలు వేయాలి: మందు లేని మాత్ర నాకు రావచ్చా? ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఆపాలా? రాత్రి చెమటలు పట్టి వణుకు వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? మధ్యలో మానేస్తే నా మామూలు వైద్యం ఆగుతుందా? చివరి రోజు తర్వాత ఈ మందు దొరుకుతుందా? ముగ్గురిలో ఇద్దరు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయినా ఆ పేజీ మళ్లీ రాయాల్సిందే.

సమ్మతి అంటే ఏమిటో మన దగ్గరే చేదు పాఠం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో జరిగిన హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసేది) ప్రాజెక్టులో బాలికల పత్రాల మీద చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ తర్వాత నిబంధనలు బిగిశాయి. ఇప్పుడు కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో నిస్సహాయ స్థితిలో ఉన్న రోగుల సమ్మతిని వీడియో తీయాలి. మంచిదే. అయితే వీడియోలో రోగి తల ఊపడం కనిపిస్తుంది, అర్థమైందో లేదో కనిపించదు.

దీర్ఘకాలిక జబ్బుల విషయంలో ఇది మరీ ముఖ్యం. జ్వరం మందు పని చేసిందీ లేనిదీ వారంలో తేలుతుంది. హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపిస్తుంది కాబట్టి షుగరు మందుల ట్రయల్స్‌కు మామూలుగా 24 లేదా 26 వారాలు పెడతారు. గుండెపోట్లు తగ్గాయా అని చూడాలంటే వేలమందిని ఏళ్ల తరబడి చూడాలి. సంతకం ఒక్క రోజుది, నడక అన్నాళ్లదీ. ఆ నడకలో ఏ మలుపు దగ్గర ఏం జరుగుతుందో కాగితంలో ఉండాలి.

మొదటి మలుపు స్క్రీనింగ్, అంటే ట్రయల్‌లో చేర్చుకోవచ్చో లేదో తేల్చే పరీక్షలు. 8 నుంచి 10 గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు, మంచినీళ్లు తాగొచ్చు. పరగడుపు అన్నారు కదా అని చాలామంది పొద్దున్నే వేసుకోవాల్సిన బీపీ మాత్ర కూడా మానేసి వస్తారు. ఏ మాత్ర ఇంట్లో వేసుకోవాలి, ఏది రక్తం తీశాక టిఫిన్‌తో వేసుకోవాలి అన్నది రోగి వాడే మాత్రల పేర్లతోనే రాసి ఇవ్వాలి. బీపీ చూసే తీరు ఇంకొకటి. వీపు ఆనించి 5 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టించి, ఒకటి రెండు నిమిషాల తేడాతో మూడుసార్లు చూడాలి. అంతకు అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్టు ఉండకూడదు. బస్సు దిగి మెట్లెక్కి వచ్చినవాడికి కూర్చోగానే పట్టీ చుడితే 160 చూపిస్తుంది. ఆ అంకెతోనే అతన్ని ట్రయల్‌లో చేర్చుకుంటారు. రెండు వారాల తర్వాత మందు లేని మాత్ర వేసుకుంటున్నా 145కు దిగుతుంది. ఎక్కువ అంకె చూసి ఏరుకున్నవాళ్లను మళ్లీ కొలిస్తే ఆ అంకె కొంత దిగడం మామూలే. పోల్చడానికి రెండో గుంపు ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ఆ గుంపు లేకపోతే ఈ 15 పాయింట్లూ మందు ఖాతాలో పడిపోతాయి.

తర్వాత వాషౌట్. కొన్ని ట్రయల్స్‌లో పాత మందు ప్రభావం పోవడానికి దాన్ని కొన్ని వారాలు ఆపిస్తారు. ఆ వారాల్లో షుగరు పెరుగుతుంది. ఎంతవరకు పెరగనిస్తారు? 24 వారాల షుగరు ట్రయల్స్‌లో తరచు కనిపించే గీతలివి: పరగడుపు షుగరు మొదటి 6 వారాల్లో 270 దాటినా, 12వ వారం వరకు 240 దాటినా, ఆ పైన 200 దాటినా, ఇంకోసారి పరీక్షించి నిర్ధారించుకుని అదనపు మందు మొదలుపెట్టాలి. దీన్ని రెస్క్యూ అంటారు. ఈ అంకెలు ప్రోటోకాల్‌లో కచ్చితంగా ఉంటాయి. రోగి చేతిలోని తెలుగు కాగితంలో మాత్రం చాలాసార్లు 'మీ ఆరోగ్యాన్ని నిశితంగా పర్యవేక్షిస్తాం' అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకుని చూసుకునే మనిషికి 270 అన్న అంకె కావాలి, నిశిత పర్యవేక్షణ అన్న మాట కాదు. షుగరు పడిపోతే ఏం చేయాలో కూడా అంతే విడమరిచి చెప్పాలి. 70 కన్నా తగ్గితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకుని, అప్పటికీ పెరగకపోతే మళ్లీ తాగాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకూడదు.

ట్రయల్‌ను చెడగొట్టేవాటిలో మందు కన్నా ముందు చెప్పుకోవాల్సింది, రోగి చెప్పకుండా వాడే ఇతర మందులు. మోకాలి నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే సూదిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు కొన్ని రోజులపాటు ఎగబాకుతుంది. నొప్పి మాత్రలు వారాల తరబడి మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీల మీద భారం పడుతుంది. కాకరకాయ పొడి, నాటు మందు మాత్రలు, పక్కింటివాళ్లు ఇచ్చిన షుగరు మాత్ర, ఇవేవీ 'మందులు' కావన్నది మనవాళ్ల లెక్క. అందుకే 'వేరే మందులు వాడుతున్నారా?' అని అడిగితే లేదనే చెబుతారు. సూదులు, కషాయాలు, పొడులు, తైలాలు అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. అయ్యప్ప దీక్ష 41 రోజులు, భవానీ దీక్ష, రంజాన్ ఉపవాసాలు ట్రయల్ మధ్యలో వస్తాయేమో చేర్చుకునే ముందే క్యాలెండరు ముందు పెట్టుకుని చూడాలి. ఒంటిపూట భోజనం చేస్తూ గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర మామూలు మోతాదులో వేసుకుంటే షుగరు పడిపోతుంది. ఇంగ్లిషు ప్రోటోకాల్ రాసినవాడికి దీక్ష సంగతి తెలిసే అవకాశం లేదు. తెలుగు పత్రం రాసేవాడికి తెలుసు, కానీ రాయడు. మూలంలో లేదు కదా!

మాత్రల లెక్క సంగతి క్లుప్తంగా. రోజుకు ఒకటి చొప్పున 28 రోజులకు సరిపడా మందు ఇస్తూ, విజిట్ అటూ ఇటూ అయితే అక్కరకొస్తాయని కొన్ని ఎక్కువ ఇస్తారు. 35 ఇచ్చారనుకోండి. 30వ రోజున వచ్చినవాడు 9 తిరిగిచ్చాడు. వాడింది 26, వాడాల్సింది 30, అంటే 87 శాతం. సాధారణంగా 80 దాటితే సరేనంటారు. సిస్టర్ తిడుతుందని మిగిలిన మాత్రలు దారిలో పారేసి ఖాళీ డబ్బా తెచ్చేవాళ్లుంటారు. అక్కడ లెక్క నూరు దాటిపోతుంది, అనుమానం అక్కడే రావాలి. మానేసిన రోజు మానేశానని చెబితే ఎవరికీ నష్టం లేదు. పారేసిన మాత్ర వల్ల మాత్రం పనికొచ్చే మందు పనికిరానిదిగా తేలవచ్చు.

మధ్యలో తప్పుకునే హక్కు రోగికి ఎప్పుడూ ఉంది, కారణం చెప్పనక్కర్లేదు, మామూలు వైద్యం ఆపకూడదు. అయితే 'మందు ఆపేస్తాను' అనడం వేరు, 'ఇక విజిట్లకు రాను' అనడం వేరు. పత్రాలు ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేస్తాయి. తేడా ఎందుకంటే, ఒక ఊహా లెక్క చూడండి. కొత్త మందు 100 మందికి, పాతది 100 మందికి ఇచ్చారు. కొత్త మందుతో వాంతులై 20 మంది మానేసి కనిపించకుండా పోయారు. మిగిలిన 80 మందిలో 60 మందికి షుగరు అదుపులోకి వచ్చింది. 80లో 60 అంటే 75 శాతం, ఘనంగా ఉంటుంది. 100లో 60 అంటే 60 శాతమే. పాత మందులో 100కు 58. ఏ లెక్క ప్రకటనలోకి ఎక్కుతుందో చెప్పక్కర్లేదు. మందు ఆపేసినా విజిట్లకు వచ్చేవాళ్లుంటేనే అసలు లెక్క బయటపడుతుంది.

హాని జరిగితే? రోగిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా అది తీవ్ర ఘటన కిందికే వస్తుంది. ట్రయల్ డాక్టరు 24 గంటల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు, స్పాన్సరుకు (ట్రయల్ చేయించే కంపెనీకి లేదా సంస్థకు), ఎథిక్స్ కమిటీకి తెలపాలి, 14 రోజుల్లో విశ్లేషణ పంపాలి. చిక్కెక్కడంటే, రోగి సొంతూళ్లో ఏ నర్సింగ్ హోమ్‌లోనో చేరి, ఆరు వారాల తర్వాత విజిట్‌కు వచ్చినప్పుడు 'మధ్యలో ఒంట్లో బాగాలేదు' అంటాడు. అందుకే ఫోన్ నంబరున్న ట్రయల్ కార్డు రోగి జేబులో ఉంటే చాలదు, ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉండాలి. అవసరమైతే రోగికి ఏ మందు వచ్చిందో ఆ పూటే విప్పి చెప్పే ఏర్పాటు ఉంటుంది. ఆ సంగతి అక్కడి డాక్టరుకు తెలియాలి కదా.

చికిత్స ఖర్చు స్పాన్సరుదే, హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకూ. ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారానికి సూత్రం ఉంది: 8 లక్షలను వయసు అంకెతోనూ, ముప్పు అంకెతోనూ హెచ్చించి 99.37తో భాగించాలి. 65 ఏళ్లు నిండినవాళ్లకు వయసు అంకె కూడా 99.37 కాబట్టి మిగిలేది 8 లక్షలు ఇంటూ ముప్పు అంకె. ఆ అంకె ఆరోగ్యవంతులకు 4, ముప్పు తక్కువగా ఉన్న రోగికి 3, ఓ మాదిరిగా ఉంటే 2, చివరి దశలో ఉన్నవాళ్లకు 0.5. అంటే 65 ఏళ్ల ఓ మాదిరి ముప్పున్న రోగి కుటుంబానికి 16 లక్షలు. వయసు తగ్గేకొద్దీ మొత్తం పెరుగుతుంది. మంచి మందు ఉండగా అది ఇవ్వకుండా మందు లేని మాత్ర ఇచ్చినందువల్ల హాని జరిగినా పరిహారం ఉంది. ఈ డబ్బు ఎవరికి చేరాలో తేల్చేది సమ్మతి పత్రంలో నామినీ పేరు రాసే గడి. దాన్ని ఖాళీగా వదిలేయడం, లేదా సిస్టరే తోచింది రాసేయడం పెద్ద పొరపాటు. సంతకాలైన పత్రం నకలు ఒకటి రోగికి ఇచ్చి తీరాలి.

హైదరాబాద్ చుట్టుపక్కల డబ్బిచ్చి ఆరోగ్యవంతులను రెండు మూడు రోజులు ఉంచుకుని రక్తం తీసే పరీక్షలు వేరు. అవి పాత మందుకు కొత్త కంపెనీ చేసిన నకలు రక్తంలో అంతే మోతాదులో చేరుతోందా అని చూసే బయోఈక్వివలెన్స్ పరీక్షలు. వార్తల్లో రెంటినీ కలిపేయడం వల్ల షుగరు ట్రయల్‌కు వచ్చినవాళ్లు 'ఎంతిస్తారు?' అంటారు, లేదా భయపడి పారిపోతారు.

అన్నిటికన్నా తక్కువ రాసేది చివరి రోజు గురించి. ఆరు నెలలు ఉచితంగా వాడిన మందు, షుగరు అదుపులో ఉంది, ఏడో నెల ఏమిటి? 2019 నిబంధనల్లో 27వది ట్రయల్ తర్వాత కూడా మందు ఉచితంగా ఇవ్వడం గురించే చెబుతుంది. షరతులు చూడండి: డాక్టరు సిఫారసు చేయాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, ఆ జబ్బుకు ప్రత్యామ్నాయ వైద్యం లేకుండా ఉండాలి. షుగరుకు, బీపీకి ప్రత్యామ్నాయ మందులు బోలెడున్నాయి. అంటే ఈ నిబంధన ఈ రోగులకు దాదాపు వర్తించదు. ఈ ముక్క మొదటి పేజీలోనే రాయాలి. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ పరీక్షలో 68 వారాల తర్వాత మందు ఆపినవాళ్లను ఇంకో ఏడాది గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగి వచ్చేసింది. ఏ మందుకు మారతారు, ఏ మోతాదులో, మొదటి నెలలో షుగరు ఎన్నిసార్లు చూసుకోవాలి అన్నది ఆఖరి విజిట్‌లో రోగి చేతికి రాసి ఇవ్వాలి.

ఇక మీ విలేకరులకు సంబంధించిన మాట. 'షుగరు తగ్గింది' అన్న ఫలితం ఒక్కటీ చాలదు. అమెరికా, కెనడాల్లో 10,251 మంది షుగరు రోగులతో జరిగిన అకార్డ్ ట్రయల్‌లో హెచ్‌బీఏ1సీని 6 కన్నా దిగువకు గట్టిగా దించాలని చూసిన గుంపులో 257 మంది, 7 నుంచి 7.9 మధ్య ఉంచిన గుంపులో 203 మంది చనిపోయారు. 2008 ఫిబ్రవరిలో ఆ గట్టి వైద్యాన్ని ఆపేశారు. అంకె తగ్గింది, మరణాలు పెరిగాయి. శాతాలతోనూ జాగ్రత్త. చెన్నై బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, షుగరు అంచున ఉన్నవాళ్లలో మామూలు సలహాతో వదిలేసినవాళ్లకు మూడేళ్లలో 55 శాతం మందికి షుగరు వచ్చింది, తిండి, నడక మార్పించినవాళ్లలో 39 శాతం మందికి వచ్చింది. 'ముప్పు 28 శాతం తగ్గింది' అని రాయొచ్చు, 'వందకు 16 మంది తప్పించుకున్నారు' అనీ రాయొచ్చు. రెండూ నిజమే, చదువరికి రెండోది అర్థమవుతుంది. ఫలితం రాని ట్రయల్స్ కూడా వార్తలే. పశ్చిమగోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో, 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి గుండెజబ్బు ముప్పున్నవాళ్లను గుర్తించే పద్ధతిని పరీక్షిస్తే, బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది దాచకుండా ప్రచురించారు. ట్యాబ్ పంచితే చాలుననుకునే ఏ ప్రభుత్వానికైనా ఆ సమాచారం విలువైనదే.

మన దేశంలో ట్రయల్స్ నమోదుకు 2007 జూలై నుంచి సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీ ఉంది, 2009 జూన్ నుంచి కొత్త మందుల ట్రయల్స్‌కు నమోదు తప్పనిసరి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మూడు చోట్ల చూస్తే చాలు: నమోదైన తేదీ మొదటి రోగిని చేర్చుకున్న తేదీకన్నా ముందుందా, ప్రధాన ఫలితం ఏమిటి, ఎన్నో వారంలో కొలుస్తారు, మన ఊరి ఆస్పత్రి పేరు పక్కన ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా. కొత్త మందు గురించి వేసే ప్రతి వార్త అడుగున ఆ సీటీఆర్‌ఐ నంబరు ఒక్కటి అచ్చువేయండి. రోగి కొడుకో కూతురో ఫోన్‌లో వెతికి చూసుకుంటారు.

ఇట్లు,
ఎథిక్స్ కమిటీ పనిలో ఉన్న ఒక ఫార్మకాలజీ అధ్యాపకుడు,
వరంగల్